తప్పుగా చెప్పిన అర్థం

నాన్న, మావయ్య పడవలో చేపల వేటకి వెళ్ళి అయిదు రోజులైంది, తిరిగి రాలేదు. ఆ పొద్దున, వాళ్ళని వెతికిస్తున్న పోర్ట్ ఆఫీసు మనిషి ఒకతను బతు బస్తీలో మా ఇంటికి వచ్చి, ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ఇచ్చి వెళ్ళాడు. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది తొమ్మిదో తరగతిలో ఉన్న నేనొక్కదాన్నే.

"జల్దీ సదువే, ఏటి రాసినారు?" అంది అమ్మ. వెళ్ళినవాళ్ళలో ఒకరు ఆవిడ భర్త, ఇంకొకరు ఒక్కగానొక్క తమ్ముడు.

కాగితంలో ఉన్నది ఒకటే వాక్యం. "సెర్చ్ హాజ్ డ్రాన్ ఎ బ్లాంక్." డ్రా అంటే లాగడమని బళ్ళో చదివాను. బ్లాంక్ అంటే ఖాళీ. రెండూ కలిపేశాను.

"వెతికి, ఖాళీది లాక్కొచ్చినారంట."

"ఖాళీ పడవా?"

తలూపాను.

అమ్మ ఉన్నచోటే కూలబడి రెండు చేతులతో నేలని బాదింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి గొల్లుమన్నారు. నాయనమ్మ మాత్రం నా రెక్క పట్టుకుంది.

"పడవ అని ఆ కాయితంలో ఉందేటి?"

"నేదు."

"మరెలాగ సెప్పినావు? ఎల్లి మీ టీచరమ్మనడుగు."

మేడమ్ ఉండే డెలానీపూర్ దాకా పరుగెత్తాను. మా ఇంగ్లీషు మేడమ్ కూడా మాలాగే ఈ దీవికి వచ్చిన తెలుగావిడే. వాకిట్లో బట్టలు ఆరేస్తున్నారు. కాగితం చదివి, తడి చేత్తోనే నన్ను దగ్గరికి తీసుకున్నారు.

"దీన్ని మాటకి మాట విడదీయకూడదమ్మా. వెతికారు, ఏమీ దొరకలేదని అర్థం. తాళంచెవి కోసం ఇల్లంతా గాలించి దొరక్కపోయినా ఇలాగే అంటారు."

"పడవ కూడా దొరకలేదా?"

"పడవా దొరకలేదు, మనుషులూ దొరకలేదు. వెతికినవాళ్ళ ప్రయత్నం విఫలమైంది."

వాళ్ళు విఫలమయ్యారని విని నాకు ప్రాణం లేచొచ్చింది. తిరుగుదారిలో ఎక్కడా ఆగలేదు.

అమ్మ అంతా విని నా మొహంలోకి చూసింది. "దొరకనేదంటే బతికున్నట్టా?"

నేను కాగితం మడిచి అమ్మ చేతిలో పెట్టాను. ఇంకో తప్పు అర్థం చెప్పే ధైర్యం లేదు. ఆ రోజు నుంచీ అమ్మ జెట్టీ మీదే కూర్చుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒక సరుకుల ఓడ నాన్నని దించింది. పెదవులు పగిలి, నిలబడలేకపోతున్నాడు. అమ్మ ఆయన మొహం తడిమింది. తర్వాత ఆయన వెనక్కి చూసింది.

"తమ్ముడేడీ?"

"ఇంజన్ ఆగిపోనాది. గాలి ఎటు తోస్తే అటు పోనాం. నీళ్ళు అయిపోనాయి. మొన్న పొద్దున లేపితే నెగనేదు." నాన్న సముద్రం వైపు చూశాడు. "గంగమ్మకిచ్చీసినాను."

అమ్మ ఏడుస్తూనే ఆయన్ని గోడకి ఆనించి కూర్చోబెట్టింది. ఎవరో తెచ్చిన గంజిని చెంచాతో కొంచెం కొంచెంగా పట్టింది.