నవ్వులు కలిపిన కేసెట్టు

మొన్న మా బావ పోయాడని కబురు రాగానే పెందుర్తి బస్సెక్కాను. ఎక్కడికని పక్కసీటాయన అడిగితే, పోయింది ఎవరో చెప్పాను. "అయ్యో, ఆ కామెడీ కేసెట్టాయనా?" అంటూనే ఆయన మొహంలోకి నవ్వొచ్చేసింది, ఆపుకోలేకపోయాడు. పాపం, ఆయన్నని ఏం లాభం? నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

బావ అంటే మా అక్క మొగుడు. పోర్టులో బస్తాలు మోసే కళాసీ. ఉక్కు ఫ్యాక్టరీకి భూములు తీసుకున్నప్పుడు ఆయన పుట్టిన ఊరు పోయింది. ఇల్లూ జీడితోటా నుయ్యీ అన్నీ ప్రహరీ లోపల పడ్డాయి. మీది ఏ ఊరని ఎవరన్నా అడిగితే టీ గ్లాసు పక్కన వేళ్లతో బల్ల మీద దరువేస్తూ కూర్చునేవాడు. పాట మాత్రం ఆయన వల్ల కాదు. చర్చిలో కాస్త మెల్లగా పాడమని పాస్టరుగారే బతిమాలేవారు.

ఎనభైల్లో ఒకసారి విదేశీ ఓడ మీద పనిచేసే కుర్రాడు ఈయనకి టేపులో ఏదో వినిపించాడు. తాళం మీద ఎవడో గబగబా మాట్లాడుకుపోతున్నాడట. ర్యాప్ అంటారట, హిప్ హాప్ అని అమెరికాలో కొత్తగా వచ్చిందట. బావకి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని, అప్పట్లో వాళ్ల దగ్గరే ఉంటున్న నాతో అన్నాడు:

"ఆడు పాడ్డం లేదు బామ్మర్దీ, దెబ్బలాడతన్నాడు. నానూ అలాగే దెబ్బలాడతాను."

ఆ రోజు నుంచి ఆయన డ్యూటీ దిగాక నేను ఖాళీ బిస్కట్ డబ్బా మీద వాయించడం, ఆయన తన ఊరి గురించి అనడం. రాగం లేదేమిటి బావా అంటే, కోపానికి రాగమెందుకనేవాడు.

"జీడితోట ఏటయినాది? గోడ లోపల కెల్లిపోనాది.
మాయమ్మ తోడిన నీల్లేటయినాయి? గోడ లోపలే ఉండిపోనాయి."

ద్వారకా నగర్‌లో ఒక కేసెట్ల షాపాయన రికార్డు చేస్తానన్నాడు. బావ క్రిస్మస్ చొక్కా తొడుక్కుని వచ్చాడు. నూతి మాట వచ్చేసరికి ఏడ్చేశాడు, అయినా ఆపలేదు. ఆయన మొదటి కేసెట్టు, చివరిదీ అదే. దానికి 'మా ఊరు' అని పేరు పెట్టమన్నాడు.

అది బయటికొచ్చాక మేం మొదట విన్నది టీకొట్లో. అట్ట మీద పళ్లెత్తు మనిషి బొమ్మ, 'కడుపుబ్బ నవ్వండి' అని అక్షరాలు. లోపల బావ అన్న ప్రతి మాట తర్వాతా జనం పగలబడి నవ్వుతున్న చప్పుడు కలిపారు. నూతి దగ్గరైతే ఇంకా ఎక్కువ. టీకొట్లో వాళ్లూ నవ్వారు. బావ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

అడగడానికి వెళితే షాపాయన ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు. "మీ యాసలో ఏడ్చినా నవ్వే వస్తుందండీ. ఏడుపని అమ్మితే ఎవరు కొంటారు?" అన్నాడు.

తర్వాత ఆయన డబ్బా ముట్టుకోనివ్వలేదు. అది పోనీ. మాట మార్చేశాడు. 'నేను' అనేవాడు, 'ఏమిటి' అనేవాడు, కూరలో 'చేపలు' అనేవాడు, రేడియోలో వార్తలు చదువుతున్నట్టు. అక్కతో కూడా అంతే. పిల్లల నోట ఊరి మాట వస్తే కసిరేవాడు. బాగా సంస్కారం వచ్చిందని చుట్టాలు మెచ్చుకున్నారు కూడా. నాకు వాళ్లని కొట్టాలనిపించేది, ఇప్పటికీ అనిపిస్తుంది.

మొన్న సమాధి కార్యక్రమం అయి వచ్చాక, ఒక్కసారి ఆయన గొంతు వినాలని ఎవరో అన్నారు. ఉన్నది ఆ ఒక్క కేసెట్టే. వద్దనబోయాను. అక్క అప్పటికే టేప్‌రికార్డరు తెచ్చి ఒళ్లో పెట్టుకుంది.

బావ గొంతు మొదలైంది. నవ్వు వచ్చే ముందు అక్క వాల్యూమ్ పూర్తిగా తగ్గించేసింది. నవ్వయ్యాక మళ్లీ పెంచింది. ఒక్కచోట కూడా తడబడలేదు. ఆయన ఇంట్లో లేనప్పుడు ఇన్నేళ్లూ ఎన్నిసార్లు విందో మరి. ఆ గదిలో మేం విన్నది బావ మాటలే. తల్లి తోడిన నీళ్లేమయ్యాయని ఆయన అడిగాడు. అక్క వేలు నెమ్మదిగా వాల్యూమ్ తిప్పింది. ఎవరూ నవ్వలేదు.