కళాయి లేని గిన్నె

మాది ఇత్తడి సామాన్ల కొట్టు. కోటబొమ్మాళి బజారులో బుడితి ఊళ్లో చేసిన బిందెలూ గంగాళాలూ అమ్ముకుని బతికే కుటుంబం. కొట్టు వెనకే ఇల్లు కాబట్టి బేరం నాకు ఉగ్గుపాలతోనే అబ్బింది. ఆసుపత్రిలో రక్తం తీసే అమ్మాయితో కూడా "అంత ఎందుకు, కొంచెం తగ్గించు" అన్నదాన్ని.

చిన్నప్పటినుంచీ నాకు మూర్ఛ. మాత్రలు వేసుకుంటే రాదు. నాన్న నన్ను గల్లాపెట్టె దగ్గర కూర్చోనిచ్చింది ఆ ఒక్క షరతు మీదే. "నలుగురొచ్చే సోటమ్మా, అక్కడ పడిపోకూడదు" అనేవాడు. ఆ చోటు కోసం నేను ఏ పూటా మాత్ర తప్పలేదు.

అయితే జుట్టు రాలడం మొదలైంది. దువ్వెనకు వచ్చే కుచ్చు చూసి అమ్మ బెంగపెట్టుకుంది. శ్రీకాకుళంలో డాక్టరుగారికి చూపించాం. "ఈ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి ఒంట్లో జింకు, సెలీనియం లాంటివి తగ్గుతాయమ్మా. అందరికీ కాదు. పరీక్ష చేసి చూద్దాం" అన్నారు. చూస్తే జింకు తక్కువే ఉంది. దానికో మాత్ర రాశారు. జుట్టు రాలుతోందని మూర్ఛ మాత్ర మాత్రం మానొద్దన్నారు.

"సగం మానితేనో?" అన్నాను, అలవాటు కొద్దీ. ఆయన నవ్వలేదు.

తిరుగు బస్సులో అమ్మ అడిగింది. "జింకంటే ఏటే?"

"తుత్తునాగం."

"ఇత్తడిలో రాగితో కలిపేదా?"

"అదే."

"కొట్టు నిండా అదే పెట్టుకుని నీకు తక్కువవడమేటే?"

"నేనేమన్నా బిందెనా అమ్మా?"

"బిందెవైతే ఎప్పుడో అమ్మేద్దును. ఊరుకో."

కొన్న ప్రతివాళ్లకూ మేం చెప్పే మాట ఒకటుంది: లోపల తగరంతో కళాయి పెట్టించుకోండి, లేకపోతే పులుపు తగిలి కిలుము పడుతుంది. అమ్మకు అది నాకంటే బాగా తెలుసు. కానీ బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ లెక్క తిరగేసింది. పులుపు తగిలితే లోహం దిగుతుంది, దిగినదాంట్లో తుత్తునాగం ఉంటుంది, పిల్లకు కావలసింది అదే. కొట్లోంచి కళాయి లేని కొత్త గిన్నె తెచ్చి, చింతపండు పులుసు కాచి, తెల్లారేదాకా అందులోనే ఉంచింది. పొద్దున్న అన్నంలో పోసింది. రుచి తేడాగా ఉందంటే "మందనుకుని తినీ" అంది.

ఆ రోజంతా వాంతులే. నీళ్లు కూడా నిలవలేదు. మాత్రలూ వాటితోపాటే పోయాయన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాలేదు. మర్నాడు సంత. కాస్త తెరిపిగా ఉంటే వెళ్లి కూర్చున్నాను. ఒక రైతు భార్య బిందె తిరగేసి చూస్తూ "ఇదేటి సావుకారమ్మా, సొట్టకి కూడా ధర కడతన్నావా?" అంది. "సొట్ట ఉచితం, బిందెకే ధర" అన్నాను. ఆమె నవ్వడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది నేల మీదినుంచి కనిపించిన పాదాలు. నాన్నవీ, ఆమెవీ, ఇంకా ఎవరెవరివో.

డాక్టరుగారు అమ్మను కసరలేదు. అలాంటి గిన్నెలో పులుపు ఉంచితే రాగి ఎక్కువ దిగి విషమవుతుందనీ, వాంతులైతే మాత్ర సంగతి వెంటనే అడగాలనీ చెప్పారు. "మాకు తెల్దా బాబూ, అందరికీ సెప్పేది మేమే" అంది అమ్మ నెమ్మదిగా.

నాన్న గల్లా దగ్గర తమ్ముణ్ణి కూర్చోబెట్టాడు.

"తప్పు నాది. పిల్లనెందుకు దింపీసినావు?" అని అమ్మ అడిగింది.

"తప్పెవరిదైతేనేటి? సూసినోళ్లు సూసీసినారు."

వాదన పెరిగితే అమ్మ పులుసు మళ్లీ మళ్లీ మాటల్లోకి వస్తుందని భయపడ్డాను. బేరంలో ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో తెలుసని గొప్పలు పోయినదాన్ని, నా చోటు పోతుంటే కనీసం ధర కూడా అడగలేదు. నేను గట్టిగా అడుగుతానని అమ్మ నావైపు చూసిందని ఇప్పుడనిపిస్తుంది.

తర్వాతి పరీక్షలో జింకు సరిపోయింది. జుట్టు కొంత నిలిచింది. నాకు ఇంట్లో కూర్చుని ఫోన్లో బేరాలు చూసే పని ఇచ్చారు. మొహం కనబడని బేరం ఉప్పులేని కూడు. ఎదుటివాడు ఎక్కడ మెత్తబడ్డాడో ఫోన్లో ఏం తెలుస్తుంది?

సంతరోజు అమ్మ కొట్లోకి వెళ్లే నడవ తలుపు దగ్గరికి వేసేస్తుంది, కొట్లో మాటలు నాకు వినబడకూడదని. అయినా వినబడతాయి. తమ్ముడు తొందరపడి ధర తగ్గించేస్తుంటాడు.