గట్టు మీద నాయనమ్మ నడక

నా చిన్నప్పుడు, వానాకాలపు సార్వా వరి ఊడ్పులు మొదలైన ఒక సోమవారం ఉదయం ఏడు గంటలకు, కంకిపాడు దగ్గర మా ఊరి పొలం గట్టు మీద మా నాయనమ్మ నడకకు పరీక్ష జరిగింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

తన ఈడు వాళ్ళందరూ మానేసిన తరువాత కూడా మా నాయనమ్మ ఊడ్పులకు వెళ్ళేది. బురదలో నడుము వంచి, వెనక్కి అడుగులు వేస్తూ నారు నాటడం ఆమెకు కష్టమనిపించేది కాదు. కాలి వేళ్ళతో నేలను పట్టుకోవాలని, మడమ మీద బరువు వేస్తే బురద మనిషిని దించేసుకుంటుందని నాకు చెప్పేది. ఆదివారం చర్చిలో మోకరించి లేచేటప్పుడు మాత్రం ఒక్కోసారి ముందుకు తూలేది. అది చూసినప్పటి నుంచి మా నాన్నకు కంటి మీద కునుకు లేదు. అంతకు ముందు ఏడే మా వీధిలోని ఒక ముసలామె గట్టు మీంచి కాలువలో పడి చనిపోయింది. ఇంటిపట్టున ఉండమని నాన్న ఎంత బతిమాలినా నాయనమ్మ వినలేదు. "కట్టేసిన గొడ్డుకే మొదట కాళ్ళు పట్టేస్తాయిరా" అనేది.

చివరికి నాన్న పక్కింటి అక్కను ఆశ్రయించారు. ఊడ్పుల ముఠాకు ఆమే మేస్త్రి. ఎవరు దిగాలో, ఎవరు వద్దో ఆమె మాటే చెల్లుతుంది. నాయనమ్మకు ఆమె మీద గట్టి గురి. నాన్న ఆమెను ఏం అడిగారో ఆ రోజున నాకు తెలియదు.

ఆ ఉదయం అక్క నాయనమ్మ తల మీద నారు కట్ట పెట్టి, "పెద్దమ్మా, ఆ చివరిదాకా వెళ్ళి తిరిగి రా. దారంతా నాతో మాట్లాడుతూ ఉండాలి" అంది. ఆడవాళ్ళందరూ నవ్వుతూ చుట్టూ చేరారు.

"పెళ్ళిచూపుల్లో నడిపించినట్టు నడిపిస్తున్నారేమే! నా నడక నచ్చకపోతే చెప్పండి, ఇంకో సంబంధం చూసుకుంటాను" అంటూ నాయనమ్మ బయలుదేరింది.

గట్టు జానెడు వెడల్పు. రాత్రి వానకు నాని ఉంది. ఆమె మాట ఆపలేదు, అడుగూ ఆపలేదు. చివర వెనుదిరిగేటప్పుడు సైతం తల మీద కట్ట కదలలేదు. నేను రెప్ప వేయకుండా చూశాను. ఆమె తిరిగి వచ్చాక అక్క మొహం పక్కకు తిప్పుకుని, "తిరిగేచోట కాలు తడబడింది పెద్దమ్మా. ఈ ఏడు వద్దులే" అంది.

నాయనమ్మ కట్ట దించి గట్టు మీద పెట్టింది. తన పాదాల వంక చూసుకుని ఇంటిదారి పట్టింది. నేను వెంటపడి, కాలు తడబడలేదని, నా కళ్ళతో చూశానని చెప్పాను.

"మేస్త్రి కంటే నీకు బాగా తెలుసా పిచ్చిదానా? నాకు తెలియకుండానే తడబడుతోందన్నమాట. అదే మరీ భయంగా ఉంది" అంది.

ఆ రోజు నుంచి ఆమె గోడ పట్టుకుని నడవసాగింది. తరువాత నడవడమే తగ్గించింది. చర్చిలో మోకరించడం మానేసి గుమ్మం పక్కన కూర్చునేది. వాళ్ళమ్మ ఇంట్లో క్షేమంగా ఉందని నాన్న సంతోషించారు. వరి పొట్టకు వచ్చే వేళకు ఆమె పిక్కలు సన్నబడిపోయాయి. ఒక మధ్యాహ్నం, పొడిగా ఉన్న సిమెంటు గచ్చు మీద, మంచానికీ గుమ్మానికీ మధ్య పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు గానీ, ఆ వయసులో చేయగలిగింది లేదని పంపేశారు.

చూడటానికి వచ్చిన అక్క నాయనమ్మ పాదాలు పట్టుకుని ఏడ్చింది. ఆ రోజు కాలు తడబడలేదని, అలా చెప్పమని నాన్నే అడిగారని, పెద్దమ్మ బాగుండాలనే ఒప్పుకున్నానని చెప్పింది. నాన్న తల దించుకుని నిలబడ్డారు. నాయనమ్మ ఎవరినీ తిట్టలేదు. "అయితే నా కాళ్ళు అప్పుడు బాగానే ఉన్నాయన్నమాట" అంది. తరువాత అక్క వైపు చూసి, "ఆ మాట కాస్త ముందు చెప్పి ఉంటే లేచి తిరిగేదాన్ని కదమ్మా" అంది.

నూర్పిళ్ళు ముగిసేలోగా ఆమె వెళ్ళిపోయింది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. ఫిజియోథెరపీ నేర్చుకుని, విజయవాడలో చాలా ఏళ్ళు పెద్దవాళ్ళ నడక పరీక్షించాను. ఒంటికాలిపై నిలబెట్టేదాన్ని, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమనేదాన్ని, మాట్లాడిస్తూ నడిపించేదాన్ని. పరీక్షకు ముందు వాళ్ళ పిల్లలు నన్ను గది బయటికి పిలిచి, "బయట తిరగవద్దని మీరే చెప్పండి మేడమ్, మీ మాటైతే వింటారు" అనేవారు. వారిది ప్రేమేనని నాకు తెలుసు. మా నాన్నదీ ప్రేమే. అయినా వారితో లోపలికి వచ్చి, నడిపించి చూసి, పాదాలు ఎలా పడ్డాయో అలాగే ముందు ఆ పెద్దవారికే చెప్పేదాన్ని. ఆ అలవాటు నాకు చదువు నేర్పింది కాదు.

నాన్నకు డెబ్బై దాటాక ఆయనను కూడా నేనే పరీక్షించాను. ఆయన అడుగు నిజంగానే తూలింది. ఆ సంగతి ఆయనకే చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "మా అమ్మకు ఇలా చెప్పలేకపోయానమ్మా" అని ఏడ్చారు. మరునాటి నుంచి నేను నేర్పిన వ్యాయామాలు చేస్తూ, చేతికర్ర ఊతంగా, పోయేదాకా రోజూ కాలువ వరకు నడిచి వచ్చారు.