ఐదో హారన్

పోర్ట్‌బ్లెయిర్ బజారులో ధర ఎక్కువ, రుచి తక్కువ అయిన భోజనం మూడు పూటలు చేశాక, మంచి భోజనం చవకగా ఊరి బయటే దొరుకుతుందన్న వాదాన్ని ప్రత్యక్షంగా పరీక్షించాలని నిశ్చయించుకున్నాను. అప్పటికి సునామీ వచ్చి మూడేళ్ళయింది. నా తిరుగు ఓడకు ఇక ఆ రోజూ, మర్నాడూ మాత్రమే గడువు. ఉదయం పదింబావుకు, బీచ్ ఉన్న వండూర్ ఊరికి వెళ్ళే బస్సెక్కాను.

గరాచర్మ దాటగానే కండక్టరు లేచాడు. "దీదీ మెస్సులో తినేదెవరు? చేతులెత్తండి."

ఇద్దరు ఉద్యోగులు ఎత్తారు.

"నువ్వో, భయ్యా?"

"పరీక్షించేవాడు తన రాకను ముందే తెలియజేయడం న్యాయం కాదు."

"అచ్ఛా. అయితే న్యాయమే తిందువు గాని."

వండూర్ ఇంకా రాకముందే, గట్టు మీది రేకుల ఇంటి దగ్గర డ్రైవరు నాలుగుసార్లు హారన్ కొట్టాడు. ఈ శబ్దం అనవసరమని అభ్యంతరం తెలిపాను. డ్రైవరు గేరు మార్చాడు.

ఒంటిగంటకు తిరుగు బస్సు ఆ ఇంటి ముందు ఆగింది. లోపల నాలుగు కంచాలున్నాయి. డ్రైవరు, కండక్టరు, ఉద్యోగులిద్దరూ కూర్చున్నారు. చేపల పులుసు వాసన వస్తోంది.

"నాలుగే కొట్టినారు కదా బాబూ," అంది మెస్సు నడిపే సావిత్రి దీదీ. "నలుగురికే వొండినాను."

"భోజనశాల అన్నాక ఒకరికి అదనంగా వండటం ఆచారం కదా?"

ఆవిడ గరిటె కింద పెట్టింది. "మొదట్లో నా దుకాణం బీచ్ మీదే ఉండేది. ఆ ఆదివారం పిక్నిక్ వోళ్ళొస్తారని తెల్లారకుండానే నలభై మందికి ఎసరెట్టినాను. వోళ్ళు రాలేదు, సముద్రమొచ్చింది. అప్పట్నుంచీ వస్తానన్నోళ్ళకే వొండుతాను. రానోళ్ళ కోసం మళ్ళీ ఎసరెట్టలేను బాబూ."

నలుగురూ తినేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. కండక్టరు త్రేన్చాడు.

మర్నాడు సాయంత్రమే ఓడ. ఉదయం మళ్ళీ అదే బస్సెక్కి, గరాచర్మ రాకముందే చెయ్యెత్తాను.

"ఇంకా అడగలేదు భయ్యా, దించు."

దించలేదు. గట్టు దగ్గర హారన్ ఐదుసార్లు మోగింది. సావిత్రి దీదీ గుమ్మంలోకి వచ్చి ఐదు వేళ్ళు చూపింది. బస్సంతా నావైపు చెయ్యి చూపింది.

ఒంటిగంటకు అన్నం, పప్పు, చేపల పులుసు. బజారులో దీనికి రెట్టింపు తీసుకున్నారు. అందరూ కడుపు నిండా తిన్నాక కుండ ఖాళీ అయింది.

తిరుగుదారిలో కండక్టరు అడిగాడు. "మరి తీర్పేటి?"

"చెప్పలేను. నేనిప్పుడు తటస్థుణ్ణి కాను."

వెళ్ళదలచినవారికి నా సూచన ఒక్కటే: చెయ్యెత్తాక మధ్యలో దిగిపోకండి.