దూరదేశపు బజారు

మొన్న మా సంఘంలో కోతకాల పండుగ నాటకానికి యువకులు ఎక్కడిదో విదేశపు వీధిని ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి తెచ్చి వెనుక కట్టారు. దాన్ని చూస్తూ కూర్చున్న నాకు, యాభైలలో వికారాబాద్ చర్చిలో దుప్పట్లు కలిపి కుట్టి నేను గీసిన బజారు కళ్ళ ముందు నిలిచింది.

ఆ ఏడు మా నాటకం బైబిల్లోని తప్పిపోయిన కుమారుని కథ, ఇల్లు విడిచి పోయి, బుద్ధి వచ్చాక తండ్రి దగ్గరికి తిరిగొచ్చినవాడిది. అతడు ఆస్తి పాడుచేసుకున్న దూరదేశపు వీధిని గీసే పని, ఆదివారపు బడిలో చిన్నపిల్లలకు వాక్యం చెప్పే నాకు అప్పగించారు. ప్రార్థన చేసుకుని మొదలుపెట్టాను గానీ, నేనెరిగిన పెద్ద బజారు అమ్మతో బట్టలకు వెళ్ళే తాండూరే; అందుకని బొగ్గూ ఎర్రటి జాజూ నీలిమందూ పెట్టి నాపరాతి అరుగులు, ఒక్కొక్కటే తీసి పక్కన పేర్చే పలకల తలుపులు, రేకుల చూరు కింద వేలాడే చీరలు, ఉర్దూ బోర్డులు, అన్నీ చూసినవి చూసినట్టే గీసేశాను.

అమ్మ చూసి నెత్తి పట్టుకుంది.

“దూరదేశం గియ్యమంటె తాండూరు గీస్తవానే? రేపు నిన్ను చూడనీకి వచ్చేది తాండూరోళ్ళే గద.”

అబ్బాయి తండ్రికి ఆ బజారులోనే బట్టల దుకాణం, పైగా అక్కడి సంఘపెద్ద. అబ్బాయిని అంతకుముందు ఒక ఆరాధనలో చూశాను. ఆ సంబంధం తప్పిపోకూడదని లోలోపల దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. మార్చి గీయడానికి ఇక పొద్దు లేదు.

మరునాడు నాటకానికి అబ్బాయి తండ్రీ వచ్చారు; అది అయ్యాక ఆయన నేరుగా దుప్పటి దగ్గరికి నడిచి, కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూశారు.

“గీ నీలి తలుపుల దుకాణం నాదే గద, బిడ్డా? అంటె తాండూరుకు వచ్చినోడు చెడిపోతడన్నట్టా?”

నాన్న సర్దిచెప్పబోతే ఆయన చేయి అడ్డం పెట్టారు.

“జర ఆగు బావా. గా తప్పిపోయిన పిలగానికి బుద్ధొచ్చింది యాడ? తండ్రింట్ల కాదు, దూరదేశంలనే. అంటె మా బజార్లనే.”

వెనుక నుంచి మా మేనత్త అందుకుంది. “అయితె మా పిల్లకు గూడ ఆడనే బుద్ధొస్తదేమో, తోలుకపోండ్రి.”

అలా నేను గీసిన వీధికే కాపురానికి వెళ్ళాను. మామయ్య పొద్దున్నే పలకలు తీసి, ప్రార్థన చేసుకున్నాకే బేరం మొదలుపెట్టేవారు. అరుగు మీద ఎవరు కూలబడినా ఏ ఊరు, తిన్నావా అని అడిగేవారు. ఇంట్లో అలిగి వచ్చినవాళ్ళను అలా మాటల్లో పెట్టి, చివరికి తిరుగు రైలెక్కించడం నేను కళ్ళారా చూశాను.

మామయ్య ప్రభువు సన్నిధికి చేరి చాలా కాలమైంది. రోడ్డు వెడల్పులో అరుగులు పోయాయి, దుకాణాలకు అద్దాల తలుపులు వచ్చాయి. వెనుకటికన్నా అందంగానే ఉన్నాయి, కాదనను. కానీ ఇల్లు విడిచి వచ్చినవాడు, బుద్ధి తెచ్చుకునేంతసేపు కూర్చోవడానికి ఆ వీధిలో ఇప్పుడు చోటు లేదు.