రెండో కాన్పు ఊరు

ఇంగ్లండులో స్టీవెనేజ్ అనే ఊళ్ళో ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాకు తెలియని సంగతి లోకంలో లేదని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆ వయసులో అది జ్వరంలాంటిది, దానంతట అదే తగ్గాలి తప్ప మందు లేదు. నా జ్వరం మాత్రం మా అమ్మ కాన్పు వల్ల తగ్గింది. అదీ నేను పుట్టిన కాన్పే. అదెలాగయ్యా అంటారేమో, కాస్త ఓపిక పట్టండి, చెబుతాను.

మాది తెనాలి. నాన్న సెంట్రల్ గవర్నమెంటు స్కూల్లో లెక్కల మేష్టారు. పెళ్ళయిన కొత్తలోనే ఆయన్ని అరుణాచల్ ప్రదేశ్‌లో బొమ్డిలా అనే కొండ మీది ఊరికి వేశారు. (ఆ పేరు విని మా తాతయ్య, "అది మన దేశంలోదేనా?" అని అడిగాడట. పెద్దాయన నాలుక మీద మచ్చలున్నాయేమో ఎవరూ చూసుకోలేదు.) మొదటి కాన్పు పుట్టింటివాళ్ళది గనక, అక్క తెనాలిలో అమ్మమ్మ చేతుల్లో దర్జాగా పుట్టింది. రెండోసారి కూడా పుట్టింటికే వెళ్తానని అమ్మ ఎంత అన్నా, నానమ్మ వినలేదు. "రెండోది మాది. మా అబ్బాయి ఎక్కడుంటే అక్కడే" అని స్వెట్టర్ మీద స్వెట్టర్ తొడుక్కుని, కారప్పొడి డబ్బా సంకన పెట్టుకుని ఆ కొండ ఎక్కేసింది. అలా నేను చలికాలంలో, మంచులో పుట్టాను. నాకు ఊహ తెలిసీ తెలియకముందే నాన్నకి బదిలీ అయిపోయింది. ఆ ఊరిలో నాకు గుర్తున్నదల్లా పక్కింటావిడ పొయ్యి దగ్గరి వెచ్చదనం ఒక్కటే. కానీ నాన్న మనసు అక్కడే ఉండిపోయింది. రిటైరయ్యే ముందు తనే అడిగి మళ్ళీ అదే ఊరికి వేయించుకున్నాడు. అమ్మ సణుక్కుంటూ వెంట వెళ్ళింది. నేను చెప్పే సంగతి జరిగినప్పుడు వాళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు. అక్క కూడా ఇంగ్లండులోనే, లీసెస్టర్‌లో నర్సు.

మా కంపెనీ పైపుల్లో సన్నని లీకులు పట్టే మెషీన్లు చేసేది. అందులో ఒకదాని డిజైను మొదటిసారిగా నా చేతికిచ్చారు. తిండీ నిద్రా మానేసి చేశాను దాన్ని. ఆఫీసులో అందరూ దాన్ని 'నీ పాపాయి' అనేవాళ్ళు. ఆ పాపాయిని చైనాలో ఒక ఫ్యాక్టరీ కొనుక్కుంది. మా మేనేజరు (ఎప్పుడు చూసినా చేతిలో టీ కప్పు ఉండే ఇంగ్లీషాయన, మేమంతా చాటున పెద్దాయన అనేవాళ్ళం) నన్ను పిలిచి, "నీ బిడ్డ, నువ్వే వెళ్ళి నడిపించు" అన్నాడు. అబ్బ, ఆ రోజు నా కాళ్ళు నేల మీద ఆనలేదు! దాన్ని నా చేత్తో స్టార్ట్ చెయ్యాలి, అది తిరుగుతుంటే పక్కన నిలబడి చూడాలి. అంతకు మించి నాకింకేమీ అక్కర్లేదు.

లండన్ వెళ్ళి చైనా వీసా కౌంటర్లో పాస్‌పోర్టు ఇచ్చాను. కౌంటర్లో అమ్మాయి పేజీ తిప్పింది. ఆమె వేలు నేను పుట్టిన ఊరి దగ్గర ఆగింది. లోపలికి వెళ్ళింది. వచ్చేటప్పుడు నవ్వుతూ వచ్చింది. "మీరు పుట్టింది మా దేశంలోనేనండీ. మీకు వీసా అక్కర్లేదు" అంది.

నేను ఉబ్బితబ్బిబ్బైపోయాను. ఎంత మర్యాద, ఎంత ఆదరం! మేనమామ ఇంటికి వెళ్ళేవాడికి పిలుపెందుకన్నట్టు మాట్లాడారనుకున్నాను. అక్కకి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను. అక్క ఇంతెత్తున లేచింది.

"ఒరేయ్, నిన్ను ఇంజినీరు చేసినవాళ్ళని అనాలి! అరుణాచల్ మాదంటారు ఆ చైనావాళ్ళు. అందుకే నువ్వూ మావాడివేనంటున్నారు. అది మర్యాద కాదురా మొద్దూ, తగాదా!"

"నీకు కుళ్ళు. నువ్వు తెనాలిలో పుట్టావుగా" అని పెట్టేశాను. వెళ్ళి మందపాటి కోటు కూడా కొనుక్కున్నాను. ఆఫీసులో టికెట్లు చూసే ఆవిడ మాత్రం, వీసా లేనిదే విమానం ఎక్కనివ్వరు బాబూ అని తేల్చేసింది. వాళ్ళేమో అక్కర్లేదంటారు, వీళ్ళేమో ఉండాలంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మళ్ళీ పరుగెత్తాను లండన్‌కి. ఈసారి బతిమాలగా బతిమాలగా వీసా ఇచ్చారు. అందరికీ పాస్‌పోర్టులో అంటిస్తారు కదా, నాకు మాత్రం విడి కాయితం మీద వేసి, స్టేప్లర్ పిన్ను కొట్టి ఇచ్చారు. అంటిస్తే ఏంటి, గుచ్చితే ఏంటి, పని అయింది కదా అని ఈల వేసుకుంటూ ఇంటికొచ్చి, బొమ్డిలాకి ఫోన్ చేశాను.

సంగతంతా విని అమ్మ, "మా అమ్మ రెండోదీ నేనే చేస్తానందిరా! మీ నానమ్మ వింటేగా! చూడు, ఇన్నేళ్ళకి ఎవరి మాట నెగ్గిందో" అని ఆ ఎప్పటి పంచాయితీయో మళ్ళీ మొదలుపెట్టింది. నాన్న ఫోను తీసుకున్నాడు.

"పిన్నుతోనే ఇచ్చారా?" అన్నాడు.

"అవును నాన్నా."

"నా క్లాసులో ఒక పిల్ల ఉందిరా. బాణాలు వేస్తుంది. ఆ చైనాలోనే ఏదో పోటీకి ఎంపికైంది. దానికీ ఇలాగే పిన్ను కొట్టిచ్చారు. పాస్‌పోర్టులో అంటిస్తే ఈ ఊరు మనదని ఒప్పుకున్నట్టవుతుందని వాళ్ళ భయం. ఢిల్లీలో మనవాళ్ళు ఇది వీసాయే కాదని విమానం ఎక్కనివ్వలేదు. టీములో మిగతా పిల్లలంతా వెళ్ళారు, ఇదొక్కత్తే వెనక్కొచ్చింది."

"మరి నేను ఇక్కణ్ణించి కదా నాన్నా వెళ్ళేది. ఇక్కడ ఎవరూ ఆపరు."

"ఆపరు. వెళ్ళు. నేను వద్దనను" అన్నాడు. "రేపు క్లాసులో దానికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నా, అంతే."

నాకు ఒళ్ళు మండిపోయింది. వద్దని ఒక్క మాట అంటే ఎదురు తిరిగి వెళ్ళిపోయేవాణ్ణి, వెళ్ళు అంటే ఎలా వెళ్ళేది? అక్క డ్యూటీ దిగే వేళకి ఫోన్ చేసి మొత్తుకున్నాను. "వెళ్ళకపోతే నువ్వు ఏడుస్తావు, వెళ్తే నాన్న ఏడుస్తాడు. ఏడుపు ఎలాగూ తప్పదు, ఎవరిదో తేల్చుకో" అంది. (నర్సులు సూది ఎప్పుడూ సూటిగానే గుచ్చుతారు.)

మర్నాడు పాస్‌పోర్టు పెద్దాయన బల్ల మీద పెట్టి, నేను వెళ్ళను అన్నాను. ఎందుకో చెప్పాను. నానమ్మ కారప్పొడి డబ్బా దగ్గర్నించీ మొదలుపెట్టి మరీ చెప్పాను. ఆయన టీ చల్లారిపోయింది. ఆ కాయితాన్ని ఎత్తి, పిన్నుని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. "అయితే ఆ విల్లు పట్టే అమ్మాయి ఇప్పుడేం చేస్తోంది?" అని అడిగాడు. తెలియదన్నాను. నిజంగానే అది అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు.

నా బదులు ఆయనే వెళ్ళాడు. ఆ సంగతి నాన్నకీ చెప్పాను. ఒకరోజు పొద్దున్నే నేను కంపెనీలో కార్లు ఆపే చోట ఉండగా ఫోన్ మోగింది. "మాట్లాడకు, విను" అని, ఫోన్ని మెషీను దగ్గర పెట్టాడు. మొదట గరగర. తర్వాత ఒకే ఊపున హుమ్మని రొద. ఆఖర్లో గాలి వదిలినప్పుడు 'తుస్స్'మని చిన్న చప్పుడు. ఆ తుస్సు కోసమే కదా నేను అన్ని రాత్రులు నిద్ర పాడుచేసుకున్నది! కార్ల మధ్య నిలబడి, ముక్కు ఎగబీల్చుకుంటూ, ఆ కొత్త కోటు చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాను. వెంటనే నాన్నకి ఫోన్ చేశాను.

"తిరిగిందా?" అన్నాడు.

"తిరిగింది నాన్నా. ఫోన్లో విన్నాను. ఆ పిల్ల ఏం చేస్తోంది?"

"రోజూ వేస్తూనే ఉందిరా బాణాలు. ఇవాళ నీ సంగతి చెప్పాను. నవ్వింది" అన్నాడు నాన్న. ఆయన గొంతు అంత తేలిగ్గా ఉండగా నేను అంతకు ముందు వినలేదు.

ఇప్పుడు నాకు జుట్టు పల్చబడింది. మా పాప ఇక్కడే పుట్టింది, నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది. చాలా దేశాలు తిరిగాను, ఆ ఒక్కటీ తప్ప. ఇప్పటికీ కొత్త కౌంటర్ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఎవరిదో ఒక వేలు ఆ ఊరి పేరు మీద ఆగుతుంది. అప్పట్లో అయితే గుండె గుభేలుమనేది. ఇప్పుడు వాళ్ళకంటే ముందే నాకు నవ్వొస్తుంది. "ఇదెక్కడండీ? ఎవరి దేశంలోది?" అని అడుగుతారు. పాప నా మొహంలోకి చూస్తుంది, నేనేం చెబుతానా అని.

"మా నానమ్మ స్వెట్టర్లు తొడుక్కుని వెళ్ళిన ఊరండీ" అంటాను. "మాదే."