క్యారేజీ కడిగిన నీళ్ళు

ఎండు డాక్టరనేది రైతులు ఆయనకి పెట్టిన పేరు. పైరు ఎండితే గాని ఆయన మొహం వికసించదని వాళ్ళ ఫిర్యాదు. అందులో అబద్ధమేమీ లేదని ఆయనే ఒప్పుకునేవాడు. వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మొదటి పదేళ్ళూ కాలవ కింద పైరుకి నీళ్ళెప్పుడు పెట్టాలో చెప్పాడు, తర్వాత ఇరవై ఏళ్ళూ మెట్టపైరుకి నీళ్ళెందుకు అక్కర్లేదో చెప్పాడు. రెండింటి మీదా చెరో పుస్తకం రాశాడు. గాలికి తలుపు కొట్టుకోకుండా ఆయన భార్య ఆ రెండూ అడ్డం పెట్టుకుంది.

ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు. ఈలోగా వాన లేకపోయినా నిలబడే జొన్న రకం ఒక్కటైనా రైతు చేతిలో పెట్టాలని ఆయన పంతం. పన్నెండేళ్ళుగా వేసినవన్నీ మాడిపోగా, ఆ ఏడు ఆఖరి మడి మాత్రం జానెడేసి కంకులతో పచ్చగా నిలిచింది. రకాన్ని విడుదల చేయాలా వద్దా అని తేల్చే కమిటీ మర్నాడు వస్తోంది. వేళ్ళు ఎంత లోతుకి దిగాయో వాళ్ళకి చూపిద్దామని ఆయన స్వయంగా పార పట్టాడు. మూరెడు తవ్వేసరికి మట్టి తడిగా చేతికి అంటుకుంది.

"ఈ మడికి నీళ్ళెవరు పెట్టారు?" అని కేకేశాడు.

కలుపు తీస్తున్న పెద్దావిడ తలెత్తింది. "మీరేగా అయ్యా! ఈ ఏడు గట్టు మీద కుళాయి వేసిన దగ్గర్నుంచి రోజూ అన్నం తిన్నాక దాని కిందే క్యారేజీ కడుగుతారు. ఏదో ఆలోచిస్తూ అరగంట అలాగే వదిలేస్తారు. ఆ నీళ్ళన్నీ ఎటు పోతాయి మరి?"

ఆయనకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. నీటి పొదుపు గురించి ఊరూరా ఉపన్యాసాలిచ్చిన నోరు అది. గుంట పూడ్చేస్తే ఎవరికీ తెలియదు. పెద్దావిడ చాడీలు చెప్పే మనిషి కాదు. పూడ్చాడు కూడా. అప్పుడు, ఈ విత్తనాన్ని నమ్మి వానలేని ఏడు చేనంతా చల్లబోయే రైతు గుర్తొచ్చాడు. ఆ రైతు గట్టు మీద కుళాయి ఉండదు. మర్నాడు కమిటీ ముందు ఆ గుంట మళ్ళీ తానే తవ్వి, తన నిర్వాకం తానే చెప్పుకున్నాడు. పెద్దలు నవ్వాపుకోలేక కళ్ళద్దాలు తుడుచుకున్నారు, రకాన్ని కొట్టేశారు.

ఇంటికొచ్చి జరిగింది భార్యకి చెప్పాడు. "పన్నెండేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరయింది. చేతులారా చేసుకున్నాను" అన్నాడు.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "క్యారేజీ కడిగేది మీరా? ఇంట్లో మంచినీళ్ళ గ్లాసైనా కడగరు కదా, అక్కడెవరో కడిగి పెడుతున్నారనుకున్నాను ఇన్నాళ్ళూ."

ఆయన తల దించుకున్నాడు. ఆవిడ ఆయన చేతిలో క్యారేజీ అందుకుంటూ, "విత్తనాలు ఇంకా మిగిలే ఉన్నాయిగా?" అంది. "మళ్ళీ వేయండి. ఈసారి ఎంగిలి గిన్నెలు ఇంటికే తెచ్చెయ్యండి, నేను కడుగుతాను."